బోర్డు మీద మొదటి పేరు

2023 చలికాలం. బోధన్ చుట్టుపక్కల మిగిలిన కాస్త చెరకు కోతకు వచ్చిన రోజులు. షుగర్ ఫ్యాక్టరీ మూతపడినప్పటి నుంచి ఈ ప్రాంతంలో చెరకు తగ్గి వరి పెరిగింది. ఉన్న చెరకు లారీలెక్కి ఎక్కడికో దూరం పోతోంది. ఒకప్పుడు కాటా దగ్గర కూర్చుని చెరకు బండ్ల తూకం రాసినవాణ్ణి నేను. ఆ పని పోయాక లెక్కలూ నిబంధనలూ సొంతంగా చదివి నేర్చుకున్నాను. నిజామాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని లైసెన్సుల పని మొదలుపెట్టాను. హోటల్, మందుల షాపు, బడి, క్లినిక్, ఏది తెరవాలన్నా ఏ శాఖలో ఏం దాఖలు చేయాలో చూసి, దరఖాస్తు నింపి, తనిఖీ రోజున పక్కన నిలబడడం నా వృత్తి. ఇంట్లోనూ నేనొక్కణ్ణే కాబట్టి, పగలు ఆ గదిలో ఎదుటి కుర్చీలో ఎవరైనా కూర్చుంటే అదే నాకు మనుషుల మాట వినే సమయం.

ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టాలని వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళకు ముందుగా చెప్పే మాట ఇది: ఇందులో మనిషికి ఒక అనుమతి, స్థలానికి ఒక అనుమతి. మనిషి సంగతి చూస్తే, బీపీటీ అనే ఫిజియోథెరపీ డిగ్రీ చదవాలి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ముగించాలి, తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అప్పుడు ఒక నంబరు వస్తుంది. వేలిముద్ర లాగే అది ఒక్కరిదే. ఇంట్లోవాళ్ళకు పంచడానికి ఉండదు. స్థలం సంగతి చూస్తే, క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్ అని జిల్లా స్థాయిలో ఇస్తారు. గది కొలతలు, పరికరాలు, వాడేసిన దూది, సూదుల వంటి చెత్త ఎటు పోతుంది, అక్కడ పనిచేసేవాళ్ళెవరు, వాళ్ళ చదువేమిటి, అన్నీ చూస్తారు. పేరు ముందు 'డాక్టర్' అని రాసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ విషయంలో ఆదేశాలు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తున్నాయి. అందుకని పేరు తర్వాత 'పీటీ' అని రాసి ఊరుకోమంటాను. జాగ్రత్తగా ఉండడంలో నష్టం లేదు.

షాహీన్ అనే అమ్మాయి నా గదికి వచ్చినప్పుడు ఆమె చేతిలో నోటీసు ఉంది. ముప్పై ఏళ్ళు ఇంకా దాటి ఉండవు. హైదరాబాద్‌లో బీపీటీ చదివి, అక్కడే కొన్నాళ్ళు ఒక ఆసుపత్రిలో పనిచేసి, తల్లి పోయాక తండ్రి కోసం బోధన్ తిరిగి వచ్చింది. ఇంటి ముందు గదిలో క్లినిక్ తెరిచింది. స్థలానికి దరఖాస్తు కూడా పెట్టుకుంది. తనిఖీకి వచ్చిన అధికారి బోర్డు చూసి ఆగిపోయారు.

"నంబరు నాదే అంకుల్. డిగ్రీ నాదే. కానీ రిజిస్ట్రేషన్ లేని మనిషి వైద్యం చేస్తుండని రాసిండ్రు. గిట్లనే ఉంటె నా నంబరు మీదికి గూడ వస్తదట," అంది.

"ఆ మనిషెవరు?"

"మా అబ్బాజాన్."

ఆ మాట అన్నాక ఆమె నా వైపు చూడలేదు, బల్ల మీది గాజుపలకను చూసింది.

మర్నాడు బోధన్ బస్సెక్కాను. ఇల్లు కనుక్కోవడానికి కష్టపడనవసరం లేకపోయింది. ఖాజా పహిల్వాన్ ఇల్లేదని అడిగితే సోడా బండివాడు ఏ చెయ్యి విరిగింది అన్నట్టు నన్ను పైనుంచి కిందికి చూసి, వేలు చూపించాడు. పహిల్వాన్ వయసులో ఉన్నప్పుడు తాలీంలో, అంటే కుస్తీలు నేర్పే చోట, ఉస్తాద్. కుస్తీలో బెణికిన చేతులూ జారిన భుజాలూ సరిచేయడంతో మొదలై, ఊరందరి ఎముకలూ ఆయన దగ్గరికే వచ్చాయి. వర్ని దాకా పొలాల్లో జారిపడిన వాళ్ళూ, చెరకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీలూ, అందరికీ ఆయన చెయ్యే.

బోర్డు ముందు నిలబడి జేబులోంచి టేపు తీశాను. పైన 'ఖాజా పహిల్వాన్' అన్న అక్షరాలు. వాటి కింద 'ఫిజియోథెరపీ సెంటర్'. దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబరు. అన్నిటికంటే కింద, పై అక్షరాల్లో సగం ఎత్తున, 'షాహీన్ బేగం, బీపీటీ'. కొలత తీయకపోయినా తెలిసేదే, కానీ కొలవకుండా మాట్లాడడం నాకు అలవాటు లేదు. చూసినవాళ్ళకు ఆ నంబరు పై పేరుదే అనిపిస్తుంది.

"ఇట్ల ఎందుకు రాయించినవమ్మా?" అన్నాను.

"అబ్బాజాన్ పేరు మీద నా పేరెట్ల రాస్త అంకుల్? నేను ఒప్పుకున్నా పెయింటర్ ఒప్పుకోలే. 'ఉస్తాద్ పేరు కిందికి దింపితె నా చెయ్యి మల్ల ఇరుగుతది' అన్నడు. ఆయన చెయ్యి అబ్బాజానే కూర్చిండు."

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. వాళ్ళ ఇంట్లో పళ్ళెం కూడా ముందు తండ్రికే పెట్టాలి. ఆ మర్యాదే బోర్డెక్కింది. చట్టం దృష్టిలో మాత్రం అది ఒకరి నంబరును మరొకరు వాడుకోవడం అయింది.

లోపల ఒకటే గది, మధ్యలో పరదా. ఇవతలి పక్క రోగి పడుకునే బల్ల, అల్ట్రాసౌండ్ మెషిన్, నొప్పి దగ్గర సన్నగా కరెంటు పెట్టే టెన్స్ అనే పెట్టె, చేతులతో లాగే రబ్బరు పట్టీలు. అవతలి పక్క చాప, నూనె సీసా, చీరిన వెదురు బద్దలు, పాత గుడ్డ పీలికలు, ఒక అట్టలో కోడిగుడ్లు. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పూసి కట్టు కడితే రాయిలా గట్టిపడుతుంది. ఖాజా పహిల్వాన్ ఆ చాప మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. మెడ ఇంకా దూలంలా ఉంది.

"రా తమ్మీ, కూసో. నా చెయ్యి పరీక్ష జేస్తదట గదా సర్కారు? జెయ్యమను. ఇరిగినోణ్ణి ఒకణ్ణి తెమ్మను, ఆళ్ళ ముంగటనే జేసి సూపిస్త."

"చెయ్యి మంచిదే పహిల్వాన్ సాబ్. అడిగేది చెయ్యి గాదు, రిజిస్ట్రేషన్."

"మా ఉస్తాద్ నాకు ఇచ్చిండు. తాలీం మట్టి నుదుటికి వెట్టి ఇచ్చిండు."

"ఆ మట్టికి నంబరుండదు సాబ్."

ఆయన గట్టిగా నవ్వాడు. "బేటీ, ఈయనకు చాయ్ పొయ్యి. అబద్ధం జెప్తలేడు."

చాయ్ తాగుతూ ఉన్న దారులు చెప్పాను. బోర్డు మార్చడం సులువు. కానీ అది ఒక్కటే చాలదు. ఈ కప్పు కింద ఆయన వైద్యం చేసినంతకాలం షాహీన్ క్లినిక్కు అనుమతి రాదు, పైగా తెలిసీ చేయనిచ్చిందని ఆమె మీదే చర్య వస్తుంది. కావాలంటే ఆయన పేరు సహాయకుడిగా చూపించవచ్చు. రోగిని లేపడం, పట్టుకోవడం, తువ్వాళ్ళు అందించడం, అంతే.

"ఇన్నేండ్లు ఉస్తాద్ అన్నరు. ఇప్పుడు తువ్వాలలు మడతవెట్టాల్నా?" అని ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏమంటవ్ బేటీ?"

షాహీన్ మెషిన్ వైరు చుడుతోంది. చుట్టడం అయిపోయినా విప్పి మళ్ళీ చుట్టింది. తండ్రి ఆమె మాట కోసం చూశాడు. గుమ్మం బయట ఎవరో రోగి దగ్గాడు. ఆమె వైరు పక్కన పెట్టి అటు వెళ్ళింది.

నేను బయలుదేరితే బస్టాండు దాకా నాతో నడిచింది. సందు మలుపు దాటాక మాట్లాడింది.

"హైదరాబాద్‌ల ఇంటర్న్‌షిప్ జేసేటప్పుడు ఒకాయన వచ్చిండు అంకుల్. చెరుకు కోసేటోడు. ముంజేయి ఇరిగితె ఎవరో వెదురు బద్దలు వెట్టి బిగిచ్చి కట్టిండ్రు. లోపల వాచింది, నెత్తురు ఆడలే. మా దగ్గరికొచ్చేసరికి వేళ్ళు నల్లగైనయ్. మోచేతి దాకా తీసేసిండ్రు. ఉన్న చేతితోని పని నేర్పే డ్యూటీ నాది."

"కట్టు ఎవరు కట్టిండ్రట?"

"ఏ దిక్కు నుంచి వచ్చినవంటె బోధన్ దిక్కు అన్నడు. ఇగ నేను అడగలే."

బస్టాండు కనపడగానే ఆగింది.

"అబ్బాజాన్ కట్టు గావచ్చు, గాకపోవచ్చు. ఈ దిక్కు కట్టేటోళ్ళు ఇంకా ఉన్నరు. కానీ అప్పటి సంది ఆయన బద్ద వట్టుకుంటె నాకు ఆ నల్లటి వేళ్ళే యాదికొస్తయ్. ఆయన కోసమే వచ్చిన, ఆయన ముందు కూసుండలేకపోతున్న. నేను చెప్పలేను. మీరే చెప్పుండ్రి. రూల్ అని చెప్పుండ్రి."

బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీ లోంచి చూస్తే ఆమె ఇంటి వైపు కాకుండా, ఎటూ కదలకుండా అక్కడే నిలబడి ఉంది. మూతపడిన ఫ్యాక్టరీ పొగగొట్టం దాటేదాకా నాకు ఆ అమ్మాయే కళ్ళ ముందుంది. ఒకే పరదాకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు మనుషుల మధ్య ఇంత దూరం ఉంటుందని నా కొలతల్లో ఎప్పుడూ రాలేదు.

ఇక వైద్యం చేయనని పహిల్వాన్ అధికారులకు ఇవ్వవలసిన హామీపత్రం నేనే రాశాను. 'ఈ స్థలంలో చికిత్స నిమిత్తం ఎవరి మీదా చెయ్యి వేయను' అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. తీసుకుపోయి పహిల్వాన్‌కు చదివి వినిపించాను.

"ఎవడన్న సలామ్ జేస్తె చెయ్యి ఇయ్యొచ్చునా తమ్మీ?"

"ఇయ్యొచ్చు సాబ్. చికిత్స నిమిత్తం అని ఉన్నది గదా."

"మంచిది. సలామన్న మిగిలింది." పెన్ను తీసుకున్నాడు గానీ సంతకం చేయలేదు. "బేటీ ఏమన్నది?"

"రూల్ ప్రకారం..."

"రూల్ సంగతి అడగలే. బేటీ ఏమన్నదని అడిగిన."

షాహీన్ లోపల గిన్నెలు కడుగుతోంది. ఆ చప్పుడు ఆగింది. ఆ చెయ్యి పోయిన సంగతి ఆమె నాకు చెప్పింది, ఆయనకు చెప్పమని కాదు; చెప్పమన్నది రూల్ ఒక్కటే. "ఏమనలేదు సాబ్," అన్నాను.

"గదే జవాబు," అని ఆయన కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం పెట్టాడు.

రెండోసారి తనిఖీకి వచ్చే నాటికి పరదా తీసేశారు. చాప, బద్దలు, గుడ్ల అట్ట లేవు. బోర్డు మీద షాహీన్ పేరు, దాని కింద నంబరు, అంతే. పెయింటర్ రానన్నాడని ఆమె నిజామాబాద్‌లో ప్రింటు చేయించింది. వచ్చిన అధికారి ఒక మేడం, నిదానస్థురాలు. నేను గీసిన గది ప్లాను పట్టుకుని గోడ నుంచి గోడకు సరిచూస్తున్నారు. పహిల్వాన్ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక కోత కూలీ వచ్చాడు. ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి ఉన్నాడు. వెంట ఆడమనిషి.

"ఉస్తాద్! ట్రాక్టర్ మీదనుంచి పడ్డ. జర గుంజు ఉస్తాద్, ఒక్క గుంజుడు."

పహిల్వాన్ చేతులు రెండూ ఒళ్ళోంచి లేచాయి. నేను చూశాను, మేడం కూడా చూశారు. ఆయన వాటిని చంకల్లో ఇరికించుకున్నాడు, చలికి ముడుచుకున్నట్టు.

"నేను జేస్తలేను. మా బిడ్డకు సూపియ్యి."

"ఆడివిల్లనా? ఆమె ఏం గుంజుతది?"

"సూపియ్యి అన్న!"

షాహీన్ అతణ్ణి బల్ల మీద కూర్చోబెట్టింది. చేతిని లాగలేదు, తిప్పలేదు. వంకర ఎటు పోయిందో చూసింది. గోరు నొక్కి వదిలి, తెల్లబడ్డ చోట ఎరుపు తిరిగి వస్తోందో లేదో చూసింది. తర్వాత అట్టముక్క ఆసరాగా పెట్టి వదులుగా కట్టి, "ఇరిగినట్టున్నది. సర్కారు దవాఖాన్ల ఎక్స్‌రే తీపియ్యాలె. ఎముకల డాక్టర్ కూర్చి కట్టు కడతడు. కట్టు ఇప్పినంక నా దగ్గరికి రా," అంది.

"నువ్వు గూడ కూర్చవా?" అన్నాడు పహిల్వాన్. ఆ గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. తన పని లాక్కుని కూతురు చేసుకుంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు కాబోలు.

"కూర్చను అబ్బాజాన్. అది నా పని గాదు. నాకు గూడ హద్దున్నది."

మేడం చెత్త డబ్బాలు చూడడానికి పెరటి వైపు వెళ్ళారు. షాహీన్ ఆ కూలీకి, అతని వెంట వచ్చిన ఆడమనిషికి చెబుతోంది: "కట్టు కట్టినంక వేళ్ళు సూస్తుండాలె. సల్లగైనా, మొద్దువారినా, రంగు మారినా ఎంటనే ఉరకాలె. బిగుసుకుంటె నెత్తురు ఆగుతది. చెయ్యే పోతది."

వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. పహిల్వాన్ స్టూలు మీంచి లేవకుండా అడిగాడు.

"అట్ల ఎవలకన్న అయిందా బేటీ?"

"అయింది."

"నువ్వు సూసినవా?"

"సూసిన. చెరుకు కోసేటోడు, మన దిక్కు నుంచి వచ్చినోడే."

ఆయన ఒకప్పుడు చాప ఉన్న మూల వైపు చూశాడు. "నా కట్టా?"

"తెల్వది అబ్బాజాన్," అంది. "అడగలే. భయమై అడగలే."

నేను అక్కడ లేకపోతే బాగుండేదనిపించింది. చేతిలో ఉన్న టేపును చుట్టాను. అంతకంటే చేసేందుకేమీ లేదు. మేడం పెరట్లోంచి వచ్చి, "అన్నీ సరిగానే ఉన్నాయమ్మా," అన్నారు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆమె వైపు చూశారు గానీ ఎవరికీ ఆ మాట వినపడినట్టు లేదు.

అనుమతి వచ్చింది. సర్టిఫికెట్ రోగులకు కనపడేలా గోడకు తగిలించాలన్నది నియమం. అది అందించడానికి వెళ్ళినప్పుడు క్లినిక్‌లో జనం బాగానే ఉన్నారు. పహిల్వాన్ లేడు. "తాలీం దిక్కున్నడేమో సూడుండ్రి," అంది షాహీన్.

తాలీం గోడ పక్కన ఎండలో కూర్చుని ఉన్నాడు. కుస్తీ పట్టేవాళ్ళు ఎవరూ లేరు. నన్ను చూసి చెయ్యి చాచాడు. కరచాలనం గట్టిగానే ఉంది.

"హామీ రాసింది ఆ ఇంటికే గదా తమ్మీ. ఈడ జేస్త అనుకున్నవా? జేస్తలేను. ఎవడొచ్చినా బేటీ దగ్గరికి పంపుతున్న." కొంచెం ఆగి అన్నాడు, "కోతలోళ్ళ గుడిసెలల్ల తిరుగుతున్న. వర్ని దిక్కు పోయిన. ఒంటి చెయ్యి మనిషి ఎవడన్న ఉన్నడా అని అడుగుతున్న. అచ్చీరాని మరాఠీల అడుగుతుంటె అంత నవ్వుతుండ్రు."

"కనపడితే ఏం చేస్తరు సాబ్?"

"మొకం సూస్త. నేను కట్టిన మొకాలు నాకు యాదికుంటయ్. నాది గాకపోతె నిద్ర వస్తది."

"మీదే అయితే?"

ఆయన తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. "నువ్వు ఊళ్ళు తిరుగుతవు గద. ఏడన్న కనవడితె చెప్పు," అన్నాడు.

చెబుతానన్నాను. అప్పటి నుంచి బస్సుల్లో, సంతల్లో, పసుపు యార్డు దగ్గర చూస్తూనే ఉన్నాను. అలాంటి మనిషి నాకు ఇంతవరకూ కనపడలేదు. కోత కూలీలు ఏటా ఒకే ఊరికి రావాలని లేదు. ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, ఏ పని చేసుకుంటున్నాడో నాకు తెలియదు.

ఆ నియమం తప్పని నేను అనను. ఒక చెయ్యి పోయిందంటే ఆ నియమం ఎందుకుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. షాహీన్‌కే హద్దు ఉన్నప్పుడు తండ్రికి ఉండకుండా ఎలా పోతుంది? నేను చేసిన పని కూడా సక్రమంగానే చేశాను. కానీ ఒక మాటను కూతురు తండ్రికి చెప్పుకోవలసి ఉండగా, దాన్ని నోటీసు చెప్పింది, తర్వాత నేను చెప్పాను. వాళ్ళిద్దరూ చెప్పుకునే సమయానికి మధ్యలో టేపు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

అందుకని ఇప్పుడు క్లినిక్ పని మీద ఎవరు వచ్చినా, డిగ్రీ, నంబరు అడగకముందే ఒక ప్రశ్న అడుగుతాను: "ఆ గదిలో ఇంకెవరు కూర్చుంటారు?" దరఖాస్తులో అలాంటి ప్రశ్న ఎక్కడా లేదు. చాలామంది ఎవరూ లేరంటారు. ఈ మధ్య నందిపేట్ నుంచి వచ్చిన ఒక ఫిజియోథెరపీ కుర్రవాడు మాత్రం కాస్త తడబడ్డాడు.

"మా అమ్మ కూసుంటది సార్. బాలింతలకు, చిన్న పిల్లలకు నూనె రుద్దుతది. నరం బెణికితె గూడ సవరిస్తది. ఆమెకేం తెల్వది సార్, మీరు రూల్ అని జర చెప్తె ఇనుకుంటది."

"నేను చెప్పను. ముందు నువ్వు మాట్లాడు. తర్వాత దరఖాస్తు రాస్త," అన్నాను.

అతను ఫోన్ తీసి, తల్లి పేరు దగ్గర వేలు పెట్టి, నా వైపు చూశాడు. నేను కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, రోడ్డు మీద నిలబడ్డాను. ఆటోలు పోతున్నాయి. లోపల అతను మాట్లాడడం మొదలుపెట్టాడు. మాటలు వినపడనంత దూరం జరిగాను.